ఆ గొడ్డలి ఖరీదెంత?

చి.సౌ. అమ్మాయికి ఆశీస్సులు.

నీ నవల మంగళవారం అందింది. 212 పేజీలు. మొదటి పేజీలోనే మీ ఆయన పూర్వీకుడు ఐర్లండ్ నుంచి అమెరికాకి వెళ్ళే ఓడ అంచున నిలబడి స్వేచ్ఛావాయువులు పీల్చాడు. అక్కడికి మూసేసి టీ తాగడానికి వెళ్ళాను. తిరిగొచ్చాక నవల జోలికి పోకుండా, దాని వెనక క్లిప్పు పెట్టి పంపిన జిరాక్సు కాగితాలు, ఆ పూర్వీకుడి పాత రికార్డులు, తీశాను. రాత్రి పదకొండు దాకా లేవలేదు. మీ పిన్ని రెండుసార్లు అన్నానికి పిలిచి ఇక ఊరుకుంది. మిగతా నవల ఆ తర్వాతే చదివాను.

నా కోపమంతా అందుకే. అంత సరుకు దగ్గర పెట్టుకుని ఇలా రాస్తారా ఎవరైనా?

(నన్ను గురువుగారూ అనకు. మీ నాన్న స్నేహితుణ్ణి, బాబాయ్ అంటే చాలు.)

మూడో చాప్టర్లో బంగాళాదుంపలకు నల్ల తెగులు తగిలి ఊరు ఊరంతా ఆకలితో చచ్చింది. ఆ తెగులు వచ్చింది 1845లో. మీ పెద్దాయన ఓడెక్కింది 1741లో. ఐర్లండ్ అనగానే దుంపల కరువు అని అందరి నోటా వచ్చే మాట కాబట్టి నువ్వూ రాసేశావు. 1739 చివర్లో మొదలైన చలి వాళ్ళని రెండేళ్ళు పీడించింది. నదులు గడ్డకట్టాయి. మట్టిలో నిలవ పెట్టుకున్న దుంపలు మంచుకు పాడైపోయాయి. దాని వెనకే వానల్లేవు, ఆ వెనక జ్వరాలు. మూడు లక్షలకు పైగా పోయారని అంచనా. నీకంటూ సొంత కరువు ఒకటుండగా పక్కవాడి కరువు అరువెందుకు తెచ్చుకున్నావు?

మళ్ళీ వాళ్ళమ్మ చేతిలో జపమాల! జపమాల క్యాథలిక్కులది. ఆవిడ ఆదివారం వెళ్ళేదేమో ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ, ప్రెస్బిటీరియన్ల మీటింగ్ హౌస్‌కి. వీళ్ళు ఉత్తరాన అల్స్టర్‌లో, స్కాట్లండ్ నుంచి వచ్చి దిగిన కుటుంబాలవాళ్ళు. జపమాల వాళ్ళింట్లో కనబడితే పాస్టరు గుమ్మం దిగేవాడు కాదు. క్యాథలిక్కులు కారు, అలాగని సర్కారువారి చర్చీ వాళ్ళది కాదు. అయినా ఆ చర్చికి పంటలో పదో వంతు ముట్టచెప్పాలి. 1704 చట్టం వచ్చాక సర్కారు కొలువులకూ దూరమయ్యారు. కౌలు గడువు తీరితే భూస్వామి రేటు పెంచేవాడు. ఇవన్నీ నీ జిరాక్సుల అంచున పెన్సిలుతో నువ్వే రాసుకున్నావు. నవలలోకి వచ్చేసరికి జపమాల తగిలించావు. సినిమాల్లో ఐరిష్ అమ్మల చేతుల్లో అదే ఉంటుంది కాబట్టి కాబోలు.

ఇంకొకటి. అతను పెళ్ళికి ముందే పుట్టిన బిడ్డ అని పద్ధెనిమిది పేజీలు నలిపావు. పాపం ఆ తల్లిని ఊరంతా రాళ్ళేసి కొట్టినంత పనిచేశావు. ఆధారం ఏమిటయ్యా అంటే, బైబిల్ అట్ట లోపల పెళ్ళి 1720 మే అనీ, పిల్లాడు 1720 ఫిబ్రవరి అనీ ఉంది. అమ్మాయ్, 1752 దాకా వాళ్ళ లెక్కలో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. మనకి ఉగాదికి ముందొచ్చే ఫాల్గుణం పాత సంవత్సరానిదే కదా? అలాగే ఆ ఫిబ్రవరి మే తర్వాతే వచ్చింది. మన లెక్కలో 1721. పెళ్ళయిన తొమ్మిదో నెలకి లక్షణంగా పుట్టాడు. ఆ పద్ధెనిమిది పేజీలూ చింపెయ్. ముందు ఆవిడకి మనసులో ఒక దణ్ణం పెట్టుకో.

ఓడ ప్రయాణికుల జాబితాలో పేరు దొరకలేదని ఒక చాప్టరంతా నిట్టూర్చావు. దొరకదు. అమెరికా రేవు ఫిలడెల్ఫియాలో 1727 నుంచి జాబితాలు రాయించింది జర్మన్లవి. వాళ్ళు పరాయి రాజు ప్రజలు, ఇంగ్లండు రాజుకి విధేయులమని ప్రమాణం చెయ్యాలి. ఐర్లండ్ వాళ్ళు అప్పటికే ఆ రాజు ప్రజలు. వాళ్ళ పేర్లు రాసుకునే అవసరం ఎవరికీ పడలేదు. అటువైపు డబ్లిన్‌లో ఉన్న దస్త్రాల్లో చాలా మటుకు 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో తగలబడ్డాయి. "విధి అతని పేరును చెరిపేసింది" అని రాశావు. విధి కాదమ్మా, ఒకచోట గుమాస్తాకి పని పడకపోవడం, ఇంకోచోట ఫిరంగులు.

నువ్వు వదిలేసిన అసలు సంగతి అవిసె గింజలు. లినెన్ బట్టకి సన్నని నార కావాలంటే గింజ ముదరకముందే మొక్క పీకెయ్యాలి. విజయనగరం వైపు గోగు పండించేవాళ్ళని అడుగు, నార మంచిగా రావాలంటే పూత మీదే కొయ్యాలంటారు. అలా పీకేస్తే మరుసటి ఏటి విత్తనానికి ఏముంటుంది? అందుకని అల్స్టర్ రైతులు విత్తనం అమెరికా నుంచి తెప్పించుకునేవారు. ఫిలడెల్ఫియా నుంచి ఓడలు గింజల పీపాలతో డెర్రీకీ, బెల్ఫాస్ట్‌కీ, న్యూరీకీ వచ్చేవి. తిరుగు ప్రయాణంలో ఖాళీగా వెళ్ళలేక మనుషుల్ని ఎక్కించుకునేవి. మీ పెద్దాయన ఎక్కింది అలాంటి ఓడే అని నీ దగ్గరున్న కాగితమే చెబుతోంది. గింజల పీపాలు దించిన చోట ఎనిమిది పది వారాలు పడుకున్నాడు. రేవులో దిగి నడిచి వెళ్ళలేదు. కొనేవాళ్ళు ఓడ మీదికే వచ్చి చూసుకుంటారు. ఛార్జీ డబ్బు లేనివాడు నాలుగేళ్ళ చాకిరీకి కాగితం రాసిచ్చాడు, కెప్టెన్ ఆ కాగితం అమ్ముకున్నాడు. స్వేచ్ఛావాయువుట!

ఇప్పుడు నేను నలభై ఏళ్ళుగా అందరితో పోట్లాడే మాట. మామూలు మనిషి ఏడిస్తే కాగితం పుట్టదు. ప్రేమించినా పుట్టదు. అప్పుపడితే పుడుతుంది. కాబట్టి పూర్వీకుడి గురించి రాసేవాడు అతను ఎవరికి ఏం బాకీ పడ్డాడో పట్టుకుని నడవాలి. నన్ను వడ్డీవ్యాపారి రచయిత అని వెక్కిరించినవాళ్ళున్నారు. వెక్కిరించుకోనీ.

నీ పెట్టెలో ఉన్నదేమిటో చూడు. 1743లో పెన్సిల్వేనియా గెజెట్‌లో, అప్పుడది బెంజమిన్ ఫ్రాంక్లిన్ నడిపే పత్రిక, యజమాని వేయించిన ప్రకటన. నా నౌకరు పారిపోయాడు, ఎడమ భుజం వాల్చి నడుస్తాడు, గబగబా మాట్లాడతాడు, పట్టిస్తే నలభై షిల్లింగులు. ఎడమ భుజం వాల్చి! 212 పేజీల్లో నాకు ఒంటిమీద వెంట్రుకలు లేచి నిలబడ్డ చోటు అదొక్కటే. అతన్ని నేను చూశాను. నువ్వు దాన్ని 147వ పేజీలో, అదీ ఫుట్‌నోట్లో పెట్టావు.

దాని తర్వాతి కాగితం ఇంకా గొప్పది. దొరికాక యజమాని కోర్టుకెళ్ళాడు. పెన్సిల్వేనియా చట్టం 1700 నుంచీ ఒకటే: పారిపోయిన ఒక్కో రోజుకీ ఐదు రోజుల అదనపు చాకిరీ. మీవాడు బయట ఉన్నది 26 రోజులు. అంటే 130 రోజులు. దీన్ని దాటేసి "అతను స్వాతంత్ర్యం కోసం పరితపించాడు" అన్నావు. ఆ 130 రోజులూ రాయి. ఏ నెలలో పడ్డాయో లెక్కేసుకో. కోతలా, మంచా? యజమాని భార్య అతనికి కంచం ఎక్కడ పెట్టేది?

మా తాత సంగతి నీకు చెప్పానో లేదో. రంగం, అంటే బర్మాలో రంగూన్, పోయాడు. మా ఇంట్లో కథ ఏమిటంటే, సాహసవంతుడు, కాకినాడ రేవులో ఎవరికీ చెప్పకుండా ఓడెక్కేశాడు, మా నాయనమ్మ ఒడ్డున పడి ఏడ్చింది. నేనూ ఆ ఏడుపు నలభై పేజీలు రాశాను. రాశాక ఒక ఎండాకాలం అటక మీద ట్రంకుపెట్టె దించితే, అడుగున ప్రోనోట్లు. వాటితో పాటు తాకట్టు చీటీ ఒకటి. కాసులపేరు, తాత వెళ్ళిన తేదీకి రెండు నెలల ముందు. కింద నాయనమ్మ వేలిముద్ర. ఆవిడకి ముందే తెలుసు. ఓడ ఛార్జీ ఆవిడే ఇచ్చింది. ఊళ్ళో అప్పులవాళ్ళకి అనుమానం రాకుండా ఒడ్డున పడి ఏడ్చింది.

నలభై పేజీలూ చింపి, ఆ వేలిముద్ర గురించి మూడు పేజీలు రాసి వారపత్రికకి పంపాను. ఎడిటరు గారు సీరియల్ వేశారు, ఆ మూడు పేజీలూ తీసేసి. "లెక్కలు ఎక్కువయ్యాయి, పాఠకురాళ్ళకి కన్నీళ్ళు కావాలి" అని కార్డు ముక్క. ఆ కార్డు ఇప్పటికీ ఉంది. ఇప్పటివాళ్ళు మాత్రం ఏం తక్కువ? వేర్లు, మట్టివాసన. ముప్పై ఏళ్ళు సర్వే శాఖలో గొలుసు లాగించినవాణ్ణి, మట్టికి వాసన తొలకరి రోజునే. మిగతా రోజుల్లో దానికి ఉండేది శిస్తు.

గొలుసంటే గుర్తొచ్చింది. అతని పొలం సర్వే కాగితం చూసి నవ్వుకున్నాను. తెల్ల ఓక్ చెట్టు నుంచి ఉత్తరంగా ఇన్ని పెర్చిలు, అక్కణ్ణించి రాళ్ళ గుట్ట దాకా ఇన్ని. నాలుగు పెర్చిలు ఒక గొలుసు, 66 అడుగులు. మేం లాగిన గొలుసే! క్రికెట్ పిచ్ పొడుగు కూడా అదే. పది చదరపు గొలుసులు ఎకరం, అందులో నూరో వంతు మన సెంటు. అతని భూమిని నువ్వు మీ అమ్మకి ఎకరాల సెంట్లలో చెప్పొచ్చు. వెంటనే అర్థమవుతుంది, వియ్యాలవారి ఆస్తి కదా. 1732 నుంచి అక్కడ నూరెకరాల ధర 15 పౌండ్ల 10 షిల్లింగులు, ఆపైన ఏటా ఎకరానికి అర పెన్నీ శిస్తు. ఇదిగో, మళ్ళీ బాకీ.

అతను లాంకాస్టర్ నుంచి కంబర్లాండ్‌కి "వలస వెళ్ళాడు" అని ఒక బండి ప్రయాణం కల్పించావు. అతనెక్కడికీ వెళ్ళలేదు. సస్క్వెహన్నా నదికి పడమట ఉన్న ఆ నేలనే 1750లో లాంకాస్టర్ నుంచి విడదీసి కంబర్లాండ్ కౌంటీ చేశారు. మా ఇల్లు 2022 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, ఇప్పుడు కాకినాడ జిల్లాలో ఉంది. నేనేమీ సామాను సర్దలేదు.

ఒక్కచోట నా సిద్ధాంతం చేతులెత్తేసింది. 1763 డిసెంబరు. నదికి అవతల పాక్స్టన్ చుట్టుపక్కల నుంచి ఇతని జాతివాళ్ళే, ఇతని మతంవాళ్ళే గుర్రాలెక్కి వెళ్ళి కానెస్టోగా ఇండియన్లని, అంటే అక్కడి ఆదివాసుల్ని, చంపారు. మొదట ఊళ్ళో ఆరుగురిని. రెండు వారాలు తిరక్కుండా, రక్షణ కోసమని లాంకాస్టర్‌లో సర్కారు వర్క్‌హౌస్‌లో ఉంచిన పద్నాలుగు మందిని, పిల్లలతో సహా. ఎవరి మీదా విచారణ జరగలేదు. విచారణ లేదు కాబట్టి పేర్ల కాగితం లేదు. నీ నవలలో 1762 అయ్యాక 1765 వచ్చింది. మీ మావగారు నొచ్చుకుంటారనా? అతను వెళ్ళాడని రాయమనను, వెళ్ళలేదని నీకెలా తెలుసు? ఆ వారం అతని ఇంట్లో ఏం మాట్లాడుకుని ఉంటారో అది రాయి. తప్పించుకోకు.

నీ ప్రశ్నల కాగితం ఎక్కడో పెట్టాను, కనబడటం లేదు. టైటిల్ గురించి ఏదో అడిగావు. ముందుమాట రాయను, రాసినవన్నీ నాకే నచ్చవు. తెలుగులో ఎందుకు రాశానో నాకే తెలీదు అన్నావు కదా, అది బాగుంది, అలాగే ఉండనీ.

ఇక చివరి జిరాక్సు. 1771లో అతను వీలునామా లేకుండా పోయాక, ఇరుగుపొరుగు ఇద్దరు ఇంట్లోకి వచ్చి ప్రతి వస్తువుకీ ధర కట్టిన జాబితా. ముసలి ఆడగుర్రం. ఆవులు రెండు. మగ్గం. తగరపు పళ్ళేలు ఆరు. అవిసె నార దువ్వే ఇనప దువ్వెన. అందులో మూడో వంతు భార్యకి, అంటే ఆవిడ ఆ గది మధ్యలో నిలబడి, రోజూ వండి వడ్డించిన పళ్ళేలకి వీళ్ళు షిల్లింగులు చెబుతుంటే వింది. ఆవిడ పుట్టింటి పేరు ఎక్కడా లేదు. పద్నాలుగో వరసలో, ఒక గొడ్డలి.

చాకిరీ గడువు తీరినవాడికి యజమాని ఇవ్వాల్సినవి ఆ 1700 చట్టంలోనే ఉన్నాయి: రెండు జతల బట్టలు, అందులో ఒకటి కొత్తది, పారలు రెండు, కొత్త గొడ్డలి ఒకటి. అతను 1745లో బయటపడ్డాడు. అప్పటి నుంచి పోయేదాకా 26 ఏళ్ళు. కర్ర ఎన్నిసార్లో మార్చి ఉంటాడు. ఇనుము అదే అయ్యుండాలని లేదు, నాకు తెలుసు, ఇందాకే నిన్ను కల్పనలు మానమని తిట్టిన నోరు ఇది. కానీ దాని పక్కన అంకె నీ జిరాక్సులో నల్లగా పడింది. ఒకటో ఏడో తెలియడం లేదు. భూతద్దం పెట్టి చూశాను, మా మనవడి ఫోన్లో పెద్దది చేసి చూశాను. ఏడు షిల్లింగులైతే కొత్తది, ఎప్పుడో కొనుక్కున్నాడు. అసలు కాగితం మళ్ళీ ఫోటో తియ్యి, లైటు పక్కనుంచి పడేలా పెట్టు. ఒకటైతే మెయిల్ పెట్టకు, ఫోన్ చెయ్యి. ఇక్కడ అర్ధరాత్రి అయినా పర్వాలేదు.

మీ బాబాయ్,
కాకినాడ