పాత స్మార్ట్‌ఫోన్ బీరువాలో పడి ఉంది. ఇంట్లో దేనికైనా పనికొస్తుందా?

సిమ్ లేకపోయినా వైఫై, కెమెరా పనిచేస్తే చాలు, అది ఇంటికి కాపలా కాయగలదు. ఆల్‌ఫ్రెడ్ వంటి యాప్‌ను పాత, కొత్త ఫోన్లు రెండింటిలోనూ వేసి ఒకే ఖాతాతో తెరవండి. పాతది కెమెరా అవుతుంది, కొత్తది తెర. గుమ్మం ముందు ఎవరున్నారో, ఉయ్యాలలో పాప లేచిందో ఆఫీసులో కూర్చునే చూడవచ్చు.

చిక్కల్లా బ్యాటరీతోనే. పాతబడిన లిథియం అయాన్ బ్యాటరీని రాత్రింబవళ్లు చార్జింగ్‌లో, అదీ ఎండ పడే కిటికీలో ఉంచితే వేడెక్కి ఉబ్బవచ్చు. ప్లగ్గుకు టైమర్ పెట్టి రోజుకు కొన్ని గంటలే కరెంటు అందేలా చూడండి. వెనుక మూత పైకి లేచినట్టు కనిపిస్తే ఇక వాడకండి. నొక్కడం, గుచ్చడం అసలే వద్దు. చెత్తబుట్టలోనూ వేయకుండా, ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి.

కారులో దారి చూపడానికీ వాడుకోవచ్చు. జీపీఎస్‌కు సిమ్ అక్కర్లేదు, మ్యాపును ముందే దించుకుంటే సరి. వంటింట్లో పాటల పెట్టెగా ఎలాగూ పనికొస్తుంది.

దేనికి వాడినా, ఫొటోలు భద్రపరచుకుని ముందు ఫ్యాక్టరీ రీసెట్ (ఫోనులోని సమాచారమంతా చెరిపివేయడం) చేయండి. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన ఫోనులో బ్యాంకు, యూపీఐ యాప్‌లు మాత్రం ఉంచకండి.