అత్తగారు డాక్టరు పరీక్షకు ఒప్పుకోకపోతే: స్వయంగా నమూనా తీసుకోవడంపై నా అనుభవం

మెల్‌బోర్న్‌లో మీతో ఉంటున్న 61 ఏళ్ల అత్తగారు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు రమ్మంటూ వచ్చే ఉత్తరాలను పక్కన పడేస్తున్నారని రాశారు. ఆమె తానే నమూనా తీసుకుంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోతుంది. ఆస్ట్రేలియాలో 2017 డిసెంబరు నుంచి ముఖద్వారపు కణాలను చూసే పాప్ పరీక్షకు బదులు, ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ ఉందో లేదో చూసే పరీక్ష చేస్తున్నారు. వైరస్ ఆనవాళ్లు యోనిలో తీసిన నమూనాలోనూ దొరుకుతాయి కాబట్టి, 2022 జులై నుంచి 25–74 ఏళ్ల వారందరికీ ఈ వెసులుబాటు ఇచ్చారు. వైరస్ జన్యుపదార్థాన్ని ఎన్నో రెట్లు పెంచి చూసే పీసీఆర్ పద్ధతిలో పరీక్షించినప్పుడు ఈ నమూనా, డాక్టరు తీసినదానితో సమానంగానే నమ్మదగినది.

కిట్టును జీపీ (ఫ్యామిలీ డాక్టరు) గానీ నర్సు గానీ ఇవ్వాలి. ఇంటికి తీసుకెళ్లనిస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. నేను క్లినిక్ బాత్రూంలోనే తీసుకున్నాను. గొట్టంలో పొడవాటి దూదిపుల్ల లాంటి స్వాబ్ ఉంటుంది. దాన్ని సుమారు రెండు అంగుళాలు లోపలికి పంపి, అర నిమిషం పాటు మెల్లగా తిప్పి, మళ్లీ గొట్టంలో పెట్టి మూత బిగించడమే పని. నొప్పేమీ లేదు, ఒక చేత్తో మూత పట్టుకుని, స్వాబ్ కొస దేనికీ తగలకుండా చూసుకోవడమే కాస్త కష్టమనిపించింది.

అయితే అత్తగారికి ముందే చెప్పవలసిన మాట ఒకటుంది. నా నమూనాలో ఎక్కువ ప్రమాదకరమైన 16, 18 రకాలు కాక వేరే హెచ్‌పీవీ రకం కనిపించింది. వైరస్ ఉందో లేదో ఆ స్వాబ్ చెప్పగలదే తప్ప, ముఖద్వారపు కణాల్లో మార్పు వచ్చిందో లేదో చెప్పలేదు. అందుకే మళ్లీ వెళ్లి డాక్టరు చేత నమూనా తీయించుకోవలసి వచ్చింది. కణాలు మామూలుగానే ఉన్నాయన్నారు, ఏడాది తర్వాత చేసిన పరీక్షలో వైరస్ కూడా కనిపించలేదు. అదే 16 గానీ 18 గానీ అయితే నేరుగా కాల్పోస్కోపీకి, అంటే ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరిశీలనకు పంపుతారు. ఇంట్లో సులువుగా అయిపోతుందని మాత్రమే చెప్పి ఒప్పిస్తే, రెండోసారి పిలుపు వచ్చినప్పుడు ఆమె కంగారుపడి మానేసే ప్రమాదం ఉంది. అప్పుడు మొదటి పరీక్ష చేయించీ లాభం లేదు. వైరస్ లేదని తేలితే మాత్రం ఐదేళ్ల దాకా ఆ ఊసే ఉండదు.

“ఈ వయసులో నాకెందుకు” అని ఆమె అనవచ్చు. మా ఇంట్లోనూ ఆ మాట విన్నాను. ఎప్పుడో సోకిన వైరస్ ఏళ్ల తరబడి లక్షణాలేమీ లేకుండా ఉండిపోవచ్చని, అందుకే ఇక్కడ 74 ఏళ్ల దాకా పిలుస్తారని నెమ్మదిగా చెప్పండి. ఆమెకు ఇదంతా కొత్తగా తోచడంలో వింత లేదు: మన దేశంలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 30–49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు రెండు శాతం కూడా లేరు.

నెలసరి ఆగిపోయాక రక్తస్రావం గానీ, అసాధారణమైన స్రావం గానీ కనిపిస్తుంటే కిట్టుతో సరిపెట్టకుండా డాక్టరుకు చూపించండి. మహిళా డాక్టరు కావాలని, తెలుగు దుబాసీ కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. కోడలి ఎదుట చెప్పలేని విషయాలు ఆమెకు ఉండవచ్చు.