పాత ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2ను వేర్వేరు ఇళ్ల నుంచి కలిసి ఆడడం: రౌటర్లో పోర్టులు తెరిచినా ఆట ఎందుకు కనిపించదు?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే యుద్ధ వ్యూహాల ఆట, దాని విస్తరణ ది కాంకరర్స్ పాత కాపీ మీ కంప్యూటర్లో ఒంటరిగా ఆడితే చక్కగా నడుస్తోంది, ఇంటి రౌటర్లో పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నుంచి వచ్చే పిలుపులను మీ కంప్యూటర్‌కు పంపే ఏర్పాటు) కూడా చేశారు, అయినా మీరు హోస్ట్ చేసిన ఆట వేరే ఊళ్లో ఉన్న మీ మిత్రులకు కనిపించడం లేదు. సరిగ్గా ఇక్కడే నేను మూడు వారాంతాలు ఆగిపోయాను. నేను గుంటూరులో ఉంటాను. ఇంజినీరింగ్ హాస్టల్లో పక్క గదిలో ఉండిన మిత్రుడు హైదరాబాదులో, మా పెదనాన్న గారి అబ్బాయి డాలస్‌లో ఉన్నారు. అన్నయ్యకు శనివారం ఉదయం 8 గంటలు, వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నర. ఆ వేళకు ముగ్గురం కూర్చుని ఇప్పుడు నెలకు రెండుసార్లయినా ఆడుతున్నాము. ఆ అనుభవంతో చెబుతున్నాను: పోర్ట్ ఫార్వార్డింగ్ మార్గాన్ని పూర్తిగా వదిలిపెట్టి, మీ అందరి కంప్యూటర్లనూ ఒకే వర్చువల్ ల్యాన్‌లో, అంటే ఇంటర్నెట్ మీద సాఫ్ట్‌వేర్ కల్పించే ఒకే స్థానిక నెట్‌వర్క్‌లో, చేర్చండి.

ముందుగా రౌటర్ స్టేటస్ పేజీ తెరిచి, వ్యాన్ ఐపీ అడ్రస్ (రౌటర్‌కు బయటి వైపు ఉన్న అడ్రస్) అన్న చోట ఏ అంకెలు ఉన్నాయో చూడండి. తర్వాత మీ ఐపీ అడ్రస్ చూపించే ఏ వెబ్‌సైట్‌నైనా తెరిచి రెండింటినీ పోల్చండి. రెండూ ఒకటి కాకపోతే మీ రౌటర్‌కు పైన మరో నాట్ (అనేక పరికరాలకు ఒకే అడ్రస్‌ను పంచే ఏర్పాటు) ఉన్నట్టే లెక్క. రౌటర్లో కనిపించేది 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే అడ్రస్ అయితే ఇక సందేహమే అక్కర్లేదు. ఇంటర్నెట్ పాత పద్ధతైన ఐపీవీ4లో అడ్రస్‌లు చాలక, అనేక ఇళ్లకు ఒకే బయటి అడ్రస్‌ను పంచే సీజీనాట్ పద్ధతి కోసం 2012లో ప్రత్యేకించిన శ్రేణి అది. మా ఇంటి ఫైబర్ కనెక్షన్‌కు వచ్చినది అలాంటి అడ్రసే. అటువంటప్పుడు మీ రౌటర్లో ఎన్ని పోర్టులు తెరిచినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే బయటి నుంచి వచ్చే పిలుపు మీ రౌటర్ దాకా రాకముందే ఇంటర్నెట్ కంపెనీ పరికరం దగ్గర ఆగిపోతుంది. మన ఇంటి తలుపు తీసి ఉంచినా వీధి గేటు తాళం మన చేతిలో లేనట్టన్న మాట. ఫైబర్ బాక్సు వెనక మీరు సొంతంగా మరో రౌటర్ పెట్టుకున్నా ఇదే రెండంచెల చిక్కు వస్తుంది కాబట్టి దాన్ని కూడా గమనించండి. కొందరు సర్వీసు ప్రొవైడర్లు అదనపు రుసుముకు స్టాటిక్ ఐపీ (మారని సొంత అడ్రస్) ఇస్తారు, కానీ ఈ ఆట కోసం అది కొనమని నేను చెప్పను. కారణం ఆట నిర్మాణంలోనే ఉంది.

1999లో వచ్చిన ఈ ఆట, 2000లో వచ్చిన కాంకరర్స్ రెండూ కంప్యూటర్ల మధ్య సంభాషణను చూసుకునే, మైక్రోసాఫ్ట్ వారి డైరెక్ట్‌ప్లే అనే పొర మీద ఆధారపడి పనిచేస్తాయి. ఆటను వెతకడానికి 47624 పోర్టును, ఆ తర్వాతి సంభాషణకు 2300 నుంచి 2400 వరకు గల పోర్టులను టీసీపీ, యూడీపీ అనే రెండు రవాణా పద్ధతుల్లోను డైరెక్ట్‌ప్లే వాడుతుంది. కౌంటర్-స్ట్రైక్ 1.6 వంటి ఆటలో ఒక్కరు సర్వర్‌గా ఉంటే మిగిలినవారంతా దానికే కలుస్తారు కనుక ఆ ఒక్కరు యూడీపీ 27015 తెరిస్తే చాలు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో అలా కాదు, ప్రతి ఆటగాడి కంప్యూటరూ మిగిలిన ప్రతి కంప్యూటర్‌తోనూ నేరుగా మాట్లాడాలి. హోస్ట్ ఒక్కరు పోర్టులు తెరిచినంత మాత్రాన మిగిలిన ఇద్దరి మధ్య దారి ఏర్పడదు. దీనికి తోడు డైరెక్ట్‌ప్లే తన సందేశాల లోపలే తన ఐపీ అడ్రస్‌ను రాసి పంపుతుంది. నాట్ వెనక ఉన్న కంప్యూటర్ 192.168తో మొదలయ్యే ఇంటి అడ్రస్‌ను రాసి పంపితే, డాలస్‌లోని కంప్యూటర్ ఆ అడ్రస్‌కు జవాబు పంపి ఏం చేస్తుంది? నాకు స్టాటిక్ ఐపీ ఉన్నా మా ముగ్గురి ఆట సులువుగా కుదిరి ఉండేది కాదని ఇది చదివి తెలుసుకున్నాకే అర్థమైంది.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చేయాలి. పోర్టులు ఫలించనప్పుడు కంప్యూటర్‌ను రౌటర్‌లోని డీఎంజెడ్‌లో (అన్ని పోర్టులూ ఆ కంప్యూటర్‌కే తెరిచి ఉంచే అమరికలో) పెట్టమని సలహా ఇచ్చేవారు ఉంటారు. దయచేసి ఆ పని చేయవద్దు. పాత ఆటల కోసం విండోస్ 7 ఉన్న కంప్యూటర్‌ను అట్టిపెట్టుకున్నవారు మనలో చాలామంది ఉన్నారు. ఆ విండోస్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. అలాంటి కంప్యూటర్‌ను ఏ అడ్డూ లేకుండా ఇంటర్నెట్ ముందు నిలబెట్టడం, అందులో పిల్లల ఫోటోలు, బ్యాంకు కాగితాలు ఉన్నప్పుడు మరీ ప్రమాదకరం.

వర్చువల్ ల్యాన్‌కు హమాచి, రాడ్మిన్ వీపీఎన్, జీరోటియర్ వంటివి ఉన్నాయి. నేను జీరోటియర్ వాడుతున్నాను కనుక దాని గురించే చెబుతాను. వారి వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి ఒక నెట్‌వర్క్ సృష్టిస్తే 16 అక్షరాల గుర్తు ఒకటి వస్తుంది; దాన్ని మిత్రులకు పంపితే, వారు తమ కంప్యూటర్‌లో జీరోటియర్‌ను ఇన్‌స్టాల్ చేసి ఆ గుర్తుతో చేరతారు. నెట్‌వర్క్‌ను ప్రైవేట్‌గా ఉంచి, చేరినవారిని ఒక్కొక్కరినీ మీరే అనుమతించండి. అప్పటి నుంచి ప్రతి కంప్యూటర్‌కూ ఒక వర్చువల్ అడ్రస్ ఉంటుంది, సమాచారం ఎన్‌క్రిప్ట్ అయి వెళుతుంది, ఆటకు మాత్రం అందరూ ఒకే గదిలో ఒకే స్విచ్‌కు తగిలించుకున్నట్టే కనిపిస్తుంది. ఆట మొదలుపెట్టే ముందు కమాండ్ ప్రాంప్ట్ నుంచి ఒకరి వర్చువల్ అడ్రస్‌ను మరొకరు పింగ్ చేసి (అవతలి కంప్యూటర్ జవాబిస్తుందో లేదో, ఎన్ని మిల్లీసెకన్లలో ఇస్తుందో చూసే పరీక్ష ఇది) చూడండి. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపే అవకాశం ఉంది కాబట్టి, ఆ వర్చువల్ నెట్‌వర్క్‌ను పబ్లిక్‌గా కాక ప్రైవేట్‌గా గుర్తించేలా చేసి, అప్పటికీ జవాబు రాకపోతే పింగ్‌ను ఫైర్‌వాల్‌లో విడిగా అనుమతించండి.

పింగ్ వచ్చినా ఆట కనిపించకపోవడం రెండో మజిలీ. నాకు ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే. కంప్యూటర్‌లో వైఫై, ఈథర్‌నెట్, జీరోటియర్ అని మూడు అడాప్టర్లు ఉంటే, ఆట కోసం అందరినీ పిలిచే బ్రాడ్‌కాస్ట్‌ను విండోస్ వాటిలో ప్రాధాన్యం ఎక్కువున్న ఒక్క దాని మీదనే పంపుతుంది. డైరెక్ట్‌ప్లే కూడా తరచూ తప్పు అడాప్టర్‌నే ఎంచుకుంటుంది. అందువల్ల నెట్‌వర్క్ కనెక్షన్స్‌లో జీరోటియర్ అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, ఐపీవీ4 అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ మెట్రిక్ అన్న గడిలో టిక్ తీసేసి 1 అని రాయండి. మెట్రిక్ ఎంత చిన్నదైతే ప్రాధాన్యం అంత ఎక్కువ. ముగ్గురమూ ఈ ఒక్క అంకె మార్చిన రాత్రే మా ఆట మొదటిసారి ఒకరికొకరికి కనిపించింది. ఆ మార్పు తర్వాత కూడా కనిపించకపోతే, జాబితా కోసం ఎదురుచూడకుండా ఇంటర్నెట్ టీసీపీ/ఐపీ కనెక్షన్ ఎంచుకుని, అడ్రస్ అడిగిన పెట్టెలో హోస్ట్ వర్చువల్ అడ్రస్‌ను టైప్ చేయండి.

విండోస్ 8 నుంచి డైరెక్ట్‌ప్లే దానంతట అది ఉండదు. కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్లను ఆన్ చేసే చోట లెగసీ కాంపొనెంట్స్ కింద దాన్ని ఎంచుకోవాలి. ఫైర్‌వాల్‌లో ఆట ప్రోగ్రామ్‌ను మాత్రమే అనుమతించి ఊరుకోకండి. 47624 దగ్గర కాచుకుని ఉండేది డీప్లేఎస్‌వీఆర్ అనే వేరే ప్రోగ్రామ్, 64 బిట్ విండోస్‌లో అది సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఉంటుంది. దానికీ అనుమతి కావాలి. అందరి దగ్గరా ఒకే వెర్షన్, కాంకరర్స్ అయితే 1.0సీ ప్యాచ్, ఉండేలా చూసుకోండి; లేకపోతే ఆట మొదలైన కొద్దిసేపటికే అవుట్ ఆఫ్ సింక్ అని ఆగిపోతుంది.

వేగం గురించి మీరు అడగలేదు కానీ, విదేశాల్లో ఉన్నవారితో ఆడాలనుకునే ఎవరైనా తెలుసుకోవలసిన విషయం ఇది. ఈ ఆట వందల సైనికుల స్థానాలను నెట్‌వర్క్ మీద పంపదు. ప్రతి కంప్యూటరూ యుద్ధం మొత్తాన్నీ తానే లెక్కగట్టుకుంటుంది, ఆటగాళ్ల ఆజ్ఞలు మాత్రమే ఒకరి నుంచి మరొకరికి వెళతాయి. ఆట సమయాన్ని చిన్న చిన్న వంతులుగా విడగొడుతుంది; ఇప్పుడు ఇచ్చిన ఆజ్ఞ రెండు వంతుల తర్వాత అన్ని చోట్లా ఒకేసారి అమలవుతుంది. అందుకే 28.8 కేబీపీఎస్ మోడెం మీద ఆడేందుకు దీన్ని తయారుచేయగలిగారు. దీన్ని రూపొందించిన ఇంజినీర్లు 2001లో ప్రకటించిన వివరాల ప్రకారం 250 మిల్లీసెకన్ల ఆలస్యాన్ని ఆటగాళ్లు గమనించనే లేదు, 500 వరకు హాయిగా ఆడగలిగారు. ఒకసారి త్వరగా, ఒకసారి ఆలస్యంగా స్పందించే ఆట కంటే నిలకడగా నెమ్మదిగా ఉన్నదే వారికి నచ్చింది. హైదరాబాదు నుంచి డాలస్‌కు సరళరేఖలో చూసినా సుమారు 14,400 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది కనుక రానూపోనూ 144 మిల్లీసెకన్లకు తగ్గడం ఎవరివల్లా కాదు. సముద్ర కేబుళ్లు చుట్టుతిరిగి వెళతాయి కాబట్టి మాకు 260 నుంచి 290 వస్తోంది, ఆట సాఫీగా సాగుతోంది.

అందువల్ల మీరు ఎక్కువ వేగం ప్లాన్ కోసం డబ్బు పెట్టనక్కర్లేదు, ఆలస్యంలో ఒడుదుడుకులు తగ్గించుకోండి. మా ఇంట్లో రౌటర్ హాల్లో, కంప్యూటర్ వెనక గదిలో ఉన్నాయి. వైఫై మీద రౌటర్‌కు పింగ్ ఒక్కోసారి 5, ఒక్కోసారి 200 మిల్లీసెకన్లు చూపేది. గుమ్మం పైనుంచి 15 మీటర్ల క్యాట్5ఈ కేబుల్ లాగిన తర్వాత అది 1 దగ్గర స్థిరపడింది. ముగ్గురిలో ఎవరి లైను అతి నెమ్మదిగా ఉంటే ఆట అందరికీ ఆ వేగంతోనే నడుస్తుంది కనుక ఈ మార్పు అన్నయ్యకు కూడా డాలస్‌లో తెలిసింది. కరెంటు పోయినా లైను తెగకుండా రౌటర్‌కు ఒక చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టాను; అరగంటకోసారి ఆటను సేవ్ కూడా చేస్తాము, ఎందుకంటే అదే ఆటగాళ్లతో ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టే సదుపాయం ఇందులో ఉంది.

ఒకసారి గుంటూరు, హైదరాబాదుల మధ్యనే పింగ్ 180 చూపించింది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో జీరోటియర్ పీర్స్ జాబితా చూస్తే మిత్రుడి పక్కన డైరెక్ట్ అని కాక రిలే అని ఉంది, అంటే ఇద్దరమూ సీజీనాట్ వెనక ఉండడం వల్ల నేరు దారి దొరకక సమాచారం వేరే దేశంలోని సర్వర్ మీదుగా తిరిగి వస్తోంది. ఇద్దరి రౌటర్లలోనూ ఐపీవీ6 (ఇంటర్నెట్ కొత్త అడ్రస్ పద్ధతి) ఆన్ చేశాము. ఆట ఐపీవీ6ను ఎరగదు, కానీ దాన్ని మోసుకెళ్లే జీరోటియర్‌కు ఐపీవీ6 తెలుసు. ఐపీవీ6లో అడ్రస్‌లు పంచుకోవలసిన అవసరం లేదు కనుక నేరు దారి ఏర్పడి పింగ్ 20కి దిగింది.

ఐపీఎక్స్ అనే పాత నెట్‌వర్క్ పద్ధతి మాత్రమే ఎరిగిన ఇంకా పాత ఆటలు ఆడాలనుకుంటే, విస్టా నుంచి విండోస్‌లో ఐపీఎక్స్ లేదు కనుక విండోస్ ఆటలకు ఐపీఎక్స్‌వ్రాపర్, డాస్ ఆటలకు డాస్‌బాక్స్‌లోని ఐపీఎక్స్ సదుపాయం వాడవచ్చు. రెండూ ఇదే వర్చువల్ ల్యాన్ మీద పనిచేస్తాయి.

ఇవన్నీ చేసినా ఆట కనిపించకపోతే మూడు వివరాలు ఇక్కడ రాయండి: రౌటర్‌లోని వ్యాన్ అడ్రస్‌లో చుక్కల మధ్య ఉన్న మొదటి రెండు సంఖ్యలు మాత్రమే (100.64 లాగా; పూర్తి అడ్రస్ వద్దు), వర్చువల్ అడ్రస్‌కు పింగ్ వస్తోందా లేదా, ప్రతి కంప్యూటర్‌లో ఏ విండోస్ ఉంది. శనివారం సాయంత్రం తప్ప ఏ రోజు రాసినా ఆ రాత్రికే చూసి సమాధానం ఇస్తాను.