సంచి సర్దేది నువ్వు, విప్పేది మీ అమ్మ

అమ్ములూ,

నిన్న ఫోన్లో అడిగావు కదా, “పెద్దమ్మా, హాస్పిటల్ బ్యాగులో ఏమేం పెట్టుకోవాలో ఒక లిస్టు పంపవా” అని. లిస్టు రెండు నిమిషాల పని. కానీ ముప్ఫయ్యేళ్లకు పైగా కాన్పుల వార్డులో స్టాఫ్ నర్సుగా చేసినదాన్ని, ఉత్త లిస్టు పంపి ఊరుకోలేను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మీ అమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు. ఇది నీకెంత అవసరమో తనకూ అంతే అవసరం.

ఎందుకంటే ఆ సంచి సర్దేది నువ్వే గానీ విప్పేది నువ్వు కాదు. నొప్పులు వచ్చాక నువ్వు లోపల బల్ల మీద ఉంటావు. సంచి బయట మీ అమ్మ ఒళ్లో ఉంటుంది. లోపలి నుంచి నర్సు తల బయటపెట్టి “బిడ్డకు గుడ్డ ఇవ్వండి”, “ప్యాడ్ ఇవ్వండి”, “బ్లడ్ గ్రూప్ రిపోర్టు ఏదీ” అని అడుగుతుంది. అడిగిన వస్తువు చేతికి తగలాలి. సర్దడమంటే అంతే.

1996 నవంబరు తుపాను గురించి మీ అమ్మ చెప్పే ఉంటుంది. కోనసీమలో కొబ్బరి తోటలన్నీ నేలకొరిగిన రాత్రి అది. ఆ రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను. కరెంటు లేదు. ఒక టార్చిలైటు, రెండు కొవ్వొత్తులు. ఒక అమ్మాయికి తొలికాన్పు. బిడ్డ బయటపడగానే తలుపు సందులోంచి గుడ్డ అడిగాను. బయట చీకట్లో ఆ అమ్మాయి అమ్మమ్మ కూర్చుని ఉంది. క్షణం కూడా తడుముకోకుండా మూట అందించింది. తెల్లారాక చూస్తే, ఆవిడ సంచిలో మూడు మూటలున్నాయి. బిడ్డ గుడ్డల మూటకు ఒక ముడి, తల్లి బట్టలకు రెండు ముళ్లు, పాతగుడ్డలకు మూడు ముళ్లు. వేళ్లతో ముడి తడిమితే చాలు, ఏ మూటో తెలిసిపోతుంది. ఆవిడకు చదువు రాదు. అంత బాగా సర్దిన సంచి నా సర్వీసు మొత్తంలో మళ్లీ చూడలేదు.

మా అమ్మాయి పురుటికి పెద్ద ట్రాలీ బ్యాగు కొన్నాం. అన్నీ ఉన్నాయి అందులో. తీరా లోపలి నుంచి పాత స్కానింగ్ కాగితం అడిగితే, అడుగున ఎక్కడో ఉందని నేనే ఆ బ్యాగు మొత్తం బెంచీ మీద గుమ్మరించాను. నర్సునై ఉండి కూడా నా చేతులు వణికాయి. కన్నకూతురు లోపల అరుస్తుంటే ఎవరి చేతులైనా వణుకుతాయి. మీ అమ్మ చేతులూ వణుకుతాయి. దానికి తగ్గట్టు సర్దాలి.

కాబట్టి ఒక్క పెద్ద బ్యాగు వద్దు. మూడు గుడ్డ సంచులు తీసుకో, మూడూ మూడు రంగులు. బిడ్డది ఒకటి, లేబర్ రూములోకి నీతో వచ్చేది ఒకటి, ఆ తర్వాత వార్డులో కావలసినవి ఒకటి. కాగితాల ఫైలు వీటిలో దేన్లోనూ పెట్టొద్దు. అది విడిగా, మీ అమ్మ భుజానికి వేలాడే సంచిలో ఉండాలి. 36వ వారం వచ్చేసరికి ఇదంతా సిద్ధమైపోవాలి. డాక్టరమ్మ ఇచ్చిన డేటు నమ్ముకుని కూర్చోకు. సరిగ్గా ఆ తేదీకే పుట్టే పిల్లలు చాలా తక్కువ.

ముందు బిడ్డ సంచి. పుట్టకముందే కొత్తబట్టలు కొనకూడదని మీ నాయనమ్మ అంటుంది. వాదించకు. నిజానికి బిడ్డకు కావలసింది కొత్తబట్ట కాదు, బాగా నలిగిన పాత నూలుబట్ట. మీ నాయనమ్మ నూలు చీర ఒకటి అడిగి తీసుకో. అంచు కత్తిరించేసి, మిగిలినదాన్ని గజం చొప్పున ముక్కలు చెయ్యి. వేడినీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి పెట్టు. కనీసం పది పొత్తిగుడ్డలు కావాలి. బిడ్డ తడిగా పుడుతుంది. మొదటి గుడ్డతో ఒళ్లంతా తుడిచి ఆ గుడ్డ పక్కన పడేస్తాం, నీ గుండెల మీద పడుకోబెట్టి రెండో పొడిగుడ్డ పైన కప్పుతాం. తడిగుడ్డతోనే చుట్టి ఉంచితే బిడ్డ ఒళ్లు చల్లబడిపోతుంది. అందుకని ఆ మొదటి రెండు గుడ్డలూ, తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు విడిగా ఒక కవర్లో పెట్టి, ఆ కవరు అన్నిటికంటే పైన ఉంచు. నీ డేటు కార్తీకంలో పడింది, రాత్రిళ్లు చలి ఉంటుంది. ముందు ముడేసుకునే జుబ్బాలు ఆరు, లంగోటీలు ఓ డజను, చిన్న దుప్పటి ఒకటి, దోమతెర. డైపర్లు కావాలంటే చిన్న ప్యాకెట్ చాలు. అక్క పిల్లలు వాడిన జుబ్బాలుంటే ఇంకా మంచిది, అవి మెత్తబడి ఉంటాయి.

ఆ సంచిలో ఉండకూడనివి కూడా చెప్తాను. తేనె, ఆముదం, పంచదార నీళ్లు, పాలపీక, పాలడబ్బా. నాలిక మీద తేనె రాయడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది, నాకు తెలుసు. ఏడాది లోపు పిల్లలకు తేనెతో ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది. పెద్దవాళ్లు తెస్తే “పెద్దమ్మ వద్దంది” అని నా మీద పెట్టేయ్. పుట్టిన గంటలోపు ముర్రుపాలు తాగించాలి. అవి చిక్కగా, పసుపుపచ్చగా, నాలుగు చుక్కలే వస్తాయి. ఆ నాలుగు చుక్కలూ బిడ్డకు చాలు. ఆరు నెలల దాకా నీ పాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు. కాటుక డబ్బా, పౌడర్ కూడా ఇంట్లోనే వదిలెయ్యి.

లేబర్ రూము సంచి చిన్నది. ముందు జిప్పు ఉన్న పాత నైటీలు రెండు, ప్యాడ్లు, పాత పంచె ముక్కలు, ఒక తువాలు, జుట్టుకు రెండు రబ్బరు బ్యాండ్లు. రెండు జడలు వేసుకుని వెళ్లు, ఒక్క జడ వీపు కింద ఒత్తుకుంటుంది. మూతి సన్నగా ఉన్న నీళ్ల సీసా పెట్టుకో, పడుకునే తాగొచ్చు. కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానివ్వాలని ప్రభుత్వ మార్గదర్శకాలున్నాయి. నీ హాస్పిటల్లో రానిస్తారో లేదో ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడే అడుగు. చెయ్యి పట్టుకునే మనిషి పక్కనుంటే ఎంత తేడానో నేను కళ్లారా చూశాను.

ఇప్పుడు నగల సంగతి. సీమంతంలో తొడిగిన గాజులు చేతినిండా ఉన్నాయి నీకు. వాటిని తియ్యడానికి ఏ పిల్లకూ మనసొప్పదు. కానీ నొప్పుల్లో బల్ల ఇనుప కమ్మీని గట్టిగా పట్టుకుంటారు, గాజు పగిలి మణికట్టులో దిగుతుంది. అలా దిగిన ముక్కలు నేను పట్టకారుతో తీశాను. ఆపరేషన్ అయితే ఒంటిమీద లోహం ఏదీ ఉంచరు, మెట్టెలు కూడా తీయిస్తారు. నొప్పుల మధ్యలో వాచిన వేళ్ల నుంచి లాగడం కంటే 37వ వారంలో ఇంట్లోనే, సబ్బు రాసుకుని, నింపాదిగా తీసి మీ అమ్మకివ్వు. పుస్తెలు తియ్యాల్సి వస్తే మనసు కలుక్కుమంటుంది. అందుకే ఒక పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టించి సంచిలో ఉంచుకో. నా డ్యూటీలో ఎంతోమందికి ఆ తాడు నా చేత్తోనే కట్టాను. గోళ్ల రంగు కూడా చెరిపేసుకో, గోరు రంగు చూసి ఒంట్లో ఆక్సిజన్ ఎలా ఉందో తెలుసుకుంటారు.

వార్డు సంచిలో నువ్వు రోజూ వాడేవే పెట్టుకో. నైటీలు నాలుగు, బ్రష్షూ పేస్టూ, చెవుల్లోకి దూది, తలకు కట్టుకునే గుడ్డ. లోపలి బట్టలు ముదురు రంగువి, ఒక సైజు పెద్దవి, బొడ్డు పైదాకా వచ్చేవి కొను. ఆపరేషన్ అయితే కోత పొత్తికడుపు కింద ఉంటుంది, మామూలు ఎలాస్టిక్ సరిగ్గా దాని మీదే రాసుకుంటుంది. లంగా బొందు కూడా అంతే, అందుకే నైటీలే నయం.

ఫైలు గురించి కొంచెం గట్టిగా చెప్తాను. నీది బి నెగెటివ్. అల్లుడుగారిది పాజిటివ్. ఫైలు మీదే ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలతో రాయి, “బి నెగెటివ్” అని. నెగెటివ్ రక్తం అడగ్గానే దొరకదు. ఇవ్వడానికి ఒప్పుకున్న ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు ఇప్పుడే కనుక్కుని కింద రాసి పెట్టు. బిడ్డ పుట్టాక బిడ్డ గ్రూపు చూడమని అడగాలి. పాజిటివ్ అయితే నీకు 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. బిడ్డ పాజిటివ్ రక్తానికి నీ ఒంట్లో విరుగుడు తయారై వచ్చే కాన్పులో బిడ్డకు హాని చెయ్యకుండా ఇది రక్షణ. డాక్టర్లకు తెలుసులే అని ఊరుకోవద్దు, మీ అమ్మ అడగాలి, అల్లుడుగారూ అడగాలి.

అదే ఫైల్లో తల్లీబిడ్డల కార్డు, స్కానింగులు తేదీల వరసలో, రక్తపరీక్షలు, ఇద్దరి ఆధార్ జిరాక్సులు. పుట్టగానే వేసే బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు వేసే హెపటైటిస్ బి టీకా ఆ కార్డులోనే రాయించుకోవాలి. జనన నమోదు 21 రోజుల్లోపు జరగాలి. మీ ఇద్దరి పేర్లూ ఆధార్‌లో ఉన్న స్పెల్లింగుతోనే రాయించండి. తర్వాత దిద్దించుకోవాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి.

మీ అమ్మకు వేరే సంచి కావాలి. తనకు బీపీ ఉంది, ఆ మాత్రలు మర్చిపోతుంది. చాప, దుప్పటి, ఫ్లాస్కు, గ్లాసూ ప్లేటూ, చార్జర్, రెండు వేల రూపాయలకు చిల్లర నోట్లు. అర్ధరాత్రి మెడికల్ షాపులో చిల్లర లేదంటే నిలబడిపోతాం. సంచులు మూడూ సర్దాక ఒక రాత్రి లైటు తీసేసి, “అమ్మా, బిడ్డ టోపీ ఇవ్వు” అని అడిగి చూడు. ఒక్కసారికే చేతికి దొరికితే సరిగ్గా సర్దినట్టు.

ఒక్క మాట గుర్తుంచుకో. ఉమ్మనీరు పోతే టైము చూసుకో, ప్యాడ్ పెట్టుకో, రంగు చూడు. ఏ రంగైనా బయల్దేరాలి, పచ్చగా ఉంటే మరీ ఆలస్యం చెయ్యొద్దు. రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినట్టనిపించినా, విపరీతమైన తలనొప్పితో కళ్లు మసకబారినా సంచుల కోసం వెతకొద్దు. ఫైలు ఒక్కటి పట్టుకుని బయల్దేరు, బండి లేకపోతే 108కి ఫోన్ చెయ్యి. అమలాపురంలో కాదని కాకినాడ పంపిస్తే అక్కడికి 60 కిలోమీటర్ల పైమాటే, ఆ దారిలో పనికొచ్చేది ఫైలే. గుడ్డలదేముంది, వెనక ఎవరైనా తెస్తారు.

ఆదివారం పొద్దున్నే వస్తాను. చీర కత్తిరించకుండా ఉంచు, నేనే కత్తిరిస్తాను. మొన్న నా బీరువాలో మీ అమ్మమ్మ తెల్లచీర కూడా ఒకటి దొరికింది, ఉతికి ఆరేశాను. అదీ తెస్తాను.

మీ పెద్దమ్మ