ఆఫీసులో ఎప్పుడూ పనిలోనే మునిగి ఉండే అమ్మాయి, మాట కలిపితే దూరం జరుగుతుంది ఎందుకు? ఆమెకు నా ఇష్టం ఎలా చెప్పాలి?

ఆమెకు మీరు నచ్చలేదని వెంటనే అనుకోకండి, అలాగని లోపల ఇష్టం ఉందనీ ఊహించుకోకండి. ప్రేమలో ఒకసారి గట్టిగా దెబ్బతిన్నవాళ్లు కొందరు పనినే ఆసరా చేసుకుంటారు, ఎందుకంటే అక్కడ కష్టపడితే ఫలితం చాలావరకు మన చేతిలో ఉంటుంది, ప్రేమలో ఉండదు. పసిపిల్లల అనుబంధాల గురించి మనస్తత్వ పరిశోధకులు జాన్ బౌల్బీ, మేరీ ఐన్స్‌వర్త్ చెప్పినదాన్ని 1987లో మరో ఇద్దరు పరిశోధకులు సిండీ హేజన్, ఫిలిప్ షేవర్ పెద్దవాళ్ల ప్రేమలకూ వర్తింపజేశారు. వాళ్లు చెప్పిన రకాల్లో ఒక రకం మనుషులకు ఎవరైనా మరీ దగ్గరైతే ఇబ్బంది, ఎదుటివాళ్లను పూర్తిగా నమ్మలేరు. (ఆమె ఆ రకమేనని మీరు ముద్ర వేయకండి.)

ఆఫీసులో ఇంకో భయం కూడా ఉంటుంది, నా దృష్టిలో ఇదే పెద్దది. రేపు విడిపోయినా రోజూ అదే మీటింగులో ఎదురెదురుగా కూర్చోవాలి, పైగా పుకార్లు ఎక్కువగా ఆడవాళ్ల పేరుకే అంటుకుంటాయి.

కాబట్టి మెసేజీలతో విసిగించకుండా, పని వేళలు అయ్యాక ఒక్కసారి సూటిగా చెప్పి, ఆలోచించుకోవడానికి టైమ్ ఇవ్వండి. వద్దంటే మళ్లీ అడగకండి, పనిలో మాత్రం మునుపటిలాగే ఉండండి. మీరు ఆమెకు బాస్ అయితే మాత్రం అసలు అడగకండి, ఆ స్థానంలో ఉన్నవాళ్లకు కాదని చెప్పడం ఆమెకు చాలా కష్టం.