కుర్చీకి కాదు, ముందు బాబుకు టేపు పట్టు

ప్రశ్న: అక్కా, మాది దేవరకొండ దగ్గర పల్లె. బాబుకు ఏడేళ్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి). మెడ నిలవదు, కూర్చోబెడితే పక్కకు ఒరుగుతాడు. నిరుడు ఒక క్యాంపులో వీల్‌చైర్ ఇచ్చారు. అందులో జారిపోతున్నాడని పక్కన పెట్టేశాం, ఇప్పుడు దాని మీద బట్టలు ఆరేస్తున్నాం. హైదరాబాద్ షాపులో 35 వేల కుర్చీ చూశాం. అప్పు చేసి కొనమంటారా?

జవాబు: అప్పు జోలికి ఇప్పుడే పోకు చెల్లె. నేనూ ఈ తప్పు చేసినదాన్నే. మా పాపకు ఐదేళ్లప్పుడు, ఎదుగుతుంది కదా అని స్కూలు యూనిఫాం వదులుగా కుట్టించినట్టు పెద్ద కుర్చీ తెచ్చాను. సీటు వెడల్పు 14 అంగుళాలు, పిల్లకు కావాల్సింది పది. అందులో ముందుకు జారి, వెన్ను చివర ఎర్రగా కందేది. బువ్వ తినిపిస్తే పొరబోయేది. కుర్చీ వల్లేనని మహబూబ్‌నగర్‌లో ఫిజియోథెరపిస్టు చెప్పేదాకా నాకు తట్టలేదు.

దర్జీ టేపు తీసుకో. బాబును గట్టి బల్ల మీద ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టండి. తుంటి దగ్గర వెడల్పు, పిరుదుల వెనక నుంచి మోకాలి మడత దాకా పొడవు (ఇందులో రెండు వేళ్లు తగ్గించాలి), మోకాలి మడత నుంచి మడమ దాకా ఎత్తు రాసుకో. పాదాలు గాల్లో వేలాడకూడదు, ఆనాలి. బెల్టు తుంటి మీదుగా ఉండాలి. ఛాతీకి ఒక్కటే కడితే పిల్లవాడు కిందికి జారినప్పుడు అది గొంతు దాకా వస్తుంది, జాగ్రత్త.

ఆ కొలతల చీటీతో మీ మండలంలోని భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) వెళ్లు. "వీల్‌చైర్" అనకు, "సీపీ చైర్" అని అడుగు, అంటే సెరిబ్రల్ పాల్సీ పిల్లల కోసం చేసే కుర్చీ. కాన్పూర్‌లోని అలిమ్‌కో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ తయారుచేస్తుంది. వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద నెల ఆదాయం 22,500 రూపాయల లోపు ఉంటే ఉచితం, వైకల్యం 40 శాతమైనా ఉండాలి. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), ఆధార్, ఆదాయ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకో. చిన్నపిల్లలకు ఏడాది దాటితే మళ్లీ అడగొచ్చు, కాబట్టి సైజు ఈరోజు బాబుకు సరిపోతే చాలు. పరికరాలిచ్చే క్యాంపుకు బాబును తీసుకునే వెళ్లు. మనిషిని చూడకుండా ఫారం నింపేవాళ్లున్నారు.

వీలుంటే ఒకసారి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థలో చూపించు. తుంటి ఎక్స్‌రే గురించి కూడా అడుగు. ఇలాంటి పిల్లలకు తుంటి కీలు పక్కకు జరిగే ప్రమాదం ఉంటుంది.

ఈలోగా కూర్చోబెట్టడానికి మా వడ్రంగి చేసిచ్చిన మూల కుర్చీ ఉపాయం చెప్తా. రెండు చెక్కలు గోడ మూలలా కలిపి, కింద పలక, కాళ్ల మధ్య చిన్న దిమ్మ, ముందు బల్ల. లోపల ఫోమ్ వేశాం. మెడ నిలవదంటున్నావు కాబట్టి తలకు ఆనింపు ఎంత ఉండాలో ఫిజియోథెరపిస్టును అడిగే చేయించు. మొదట 15 నిమిషాలు, నువ్వు పక్కనే ఉండి. తీశాక కందిన ఎరుపు అరగంటలో పోకపోతే అందులో కూర్చోబెట్టకు.

బాబు ఏ పక్కకు ఒరుగుతాడో రాయలేదు నువ్వు. ఈసారి కొలతలతో పాటు అదీ రాయి.