నెట్ పోయిందా, స్క్రీన్ రీడర్ ఆగిందా?

ప్రశ్న: నేను పుట్టుకతో చూపు లేనివాణ్ణి. విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటున్నాము. ఆడియో విని టైపు చేసి పంపే ఉద్యోగం ఇంటి నుంచే చేస్తున్నాను. ల్యాప్‌టాప్‌లో తెర మీది మాటలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడతాను. రౌటర్ హాల్లో టీవీ పక్కన ఉంది, నా గది వంటిల్లు దాటాక చివరన ఉంది. రోజుకు నాలుగైదుసార్లు ఉన్నట్టుండి అంతా ఆగిపోతుంది. ఆగింది నెట్టో, బ్రౌజరో, ఎన్‌వీడీఏనో నాకు తెలియదు, ఎందుకంటే మూడింటికీ లక్షణం ఒకటే: ఏ మాటా వినిపించదు. నెట్ కంపెనీ మనిషి రెండుసార్లు వచ్చి, "లైట్లన్నీ బాగానే వెలుగుతున్నాయి సార్, మీ ల్యాప్‌టాప్‌లోనే ఏదో ఉంది" అని వెళ్లిపోయాడు. లైట్లు చూసి చెప్పడానికి మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చేదాకా ఆగవలసి వస్తోంది. లోపం ఎక్కడుందో ఎవరి సాయమూ లేకుండా నేనే తేల్చుకునే మార్గం ఉందా?
— ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ

సమాధానం: ఉంది. పైగా అది లైట్లు చూసి చెప్పడం కంటే నమ్మదగిన మార్గం. నేనూ చూపు లేనివాణ్ణే, ఈ ఊరివాణ్ణే. "లైట్లు బాగానే ఉన్నాయి సార్" అన్న మాట మా ఇంట్లోనూ చాలాసార్లు విన్నాను. రౌటర్ మీది లైట్లు ఆ పెట్టె సంగతి చెబుతాయి గాని, వంటిల్లు దాటి మీ బల్ల దాకా సిగ్నల్ వస్తోందా లేదా అన్నది వాటికి తెలియదు. కనుక అమ్మాయి వచ్చేదాకా ఆగడం మానేయండి.

అంతా ఆగిపోయిన క్షణాన ముందుగా ఇన్సర్ట్‌తో పాటు ఎఫ్12 నొక్కండి. టైము చెప్పిందంటే ఎన్‌వీడీఏ బతికే ఉంది, తప్పు దానిది కాదు. చెప్పకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎన్ కలిపి నొక్కితే అది మళ్లీ మొదలవుతుంది. టైము చెప్పి కూడా పేజీ కదలడం లేదంటే అప్పుడు నెట్‌ను అనుమానించాలి. చాలామంది విండోస్, బి కలిపి నొక్కి, బాణం కీలతో నెట్‌వర్క్ గుర్తు దగ్గరకు వెళ్లి, అది "ఇంటర్నెట్ యాక్సెస్" అనగానే నెట్ ఉందనుకుంటారు. ఆ మాటను పూర్తిగా నమ్మకండి; విండోస్ ఆ సంగతిని ప్రతి క్షణం పరీక్షించదు, నెట్ పోయిన తరువాత కూడా కొంతసేపు పాత మాటే చెప్పవచ్చు.

అసలు పరీక్ష పింగ్ అనే ఆదేశం. మీ ల్యాప్‌టాప్ నుంచి బయటి ప్రపంచం దాకా ఉన్న దారిని రెండు ముక్కలుగా అనుకోండి: మీ బల్ల నుంచి హాల్లోని రౌటర్ దాకా గాలిలో సాగేది మొదటి ముక్క, రౌటర్ నుంచి ఫైబర్ తీగ మీదుగా కంపెనీ దాకా, అక్కడి నుంచి ఇవతలి ఊళ్లకూ అవతలి దేశాలకూ సాగేది రెండో ముక్క. ఏ ముక్క తెగుతోందో తెలిస్తే సగం గొడవ తీరినట్టే, ఎందుకంటే మొదటిది బాగు చేసుకోవలసింది మీరు, రెండోది బాగు చేయవలసింది వాళ్లు.

విండోస్, ఆర్ కలిపి నొక్కి, సి, ఎం, డి అని టైపు చేసి ఎంటర్ కొడితే కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకుంటుంది. అక్కడ ఐపీకాన్ఫిగ్ (ఐ, పి, సి, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జి) అని కొట్టండి; "డిఫాల్ట్ గేట్‌వే" అన్న చోట వినిపించే అంకెలే మీ రౌటర్ చిరునామా. చాలా ఇళ్లలో అది 192.168.1.1 ఉంటుంది, 192.168.0.1 అయినా మరొకటి అయినా కంగారు లేదు. ఆ తరువాత పింగ్ (పి, ఐ, ఎన్, జి), ఖాళీ, అడ్డగీతతో ఎన్, ఖాళీ, 3600, ఖాళీ, రౌటర్ చిరునామా, ఖాళీ, "కంటే ఎక్కువ" గుర్తు, ఖాళీ, మీకు నచ్చిన ఒక ఫైలు పేరు, దాని చివర చుక్క టి, ఎక్స్, టి; ఇంతా ఒకే వరుసలో కొట్టి ఎంటర్ నొక్కండి. "కంటే ఎక్కువ" గుర్తు షిఫ్ట్‌తో ఫుల్‌స్టాప్ కీ. సెకనుకు ఒకటి చొప్పున ల్యాప్‌టాప్ రౌటర్‌ను గంటసేపు పలకరిస్తుంది, ప్రతి జవాబునూ ఫైలులో రాసుకుంటుంది. ఆ గంటసేపూ ఆ కిటికీలో ఏమీ వినిపించదు. ఈసారి మౌనం మంచిదే. ఇలాగే రెండో కమాండ్ కిటికీ తెరిచి, రౌటర్ చిరునామా బదులు నాలుగు ఎనిమిదులు, మధ్య మధ్య చుక్కలు, అంటే 8.8.8.8 అని, వేరే ఫైలు పేరుతో కొట్టండి. అది గూగుల్ వారి బహిరంగ సర్వరు. రెండు కిటికీలనూ అలా వదిలేసి మీ పని మీరు చేసుకోండి, ఆగిపోయినప్పుడు టైము గుర్తు పెట్టుకోండి.

గంట తరువాత ఫైళ్లు మీ యూజర్ ఫోల్డరులో ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి, కంట్రోల్, ఎండ్ నొక్కి చివరి వరుసలు వినండి: ఎన్ని పంపింది, ఎన్ని తిరిగి వచ్చాయి, ఎన్ని పోయాయి అన్న లెక్క ఉంటుంది. తరువాత కంట్రోల్, ఎఫ్‌తో "టైమ్డ్ అవుట్" అన్న రెండు ఇంగ్లీషు మాటల కోసం వెతకండి. రౌటర్ ఫైలులో అలాంటివేమీ లేకుండా బయటి ఫైలులో మాత్రమే గుంపులు గుంపులుగా ఉంటే, మీ ఇంట్లో వైఫై చక్కగా ఉంది, తెగుతున్నది తీగ. రెండింటిలోనూ ఉంటే, లేదా "జనరల్ ఫెయిల్యూర్" అన్న వరుసలు దొరికితే, తెగుతున్నది మీ గదికీ హాలుకూ మధ్య గాలి. రౌటర్‌కు జవాబు సాధారణంగా కొద్ది మిల్లీసెకన్లలో వస్తుంది. అది వందల్లోకి పోతూ వస్తూ ఉంటే నెట్ పూర్తిగా తెగకపోయినా సిగ్నల్ కొట్టుమిట్టాడుతోందని అర్థం.

మీరు చెప్పిన ఇల్లు చూస్తే నాకు గాలి మీదే అనుమానం. వంటింటి గోడ, అందులోని ఇనుము, ఫ్రిజ్ అనే లోహపు బీరువా, మైక్రోవేవ్, ఇన్ని మీ ల్యాప్‌టాప్‌కూ రౌటర్‌కూ అడ్డంగా ఉన్నాయి. మైక్రోవేవ్ దాదాపు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పని చేస్తుంది. మన వైఫైలో పాత బ్యాండు 2.4 గిగాహెర్ట్జ్ అదే చోట నడుస్తుంది, కాబట్టి పాలు వేడి చేసేటప్పుడు నెట్ తెగుతోందంటే ఆశ్చర్యపడనక్కరలేదు. 5 గిగాహెర్ట్జ్ బ్యాండుకు ఆ బాధ లేదు, వేగమూ ఎక్కువే, కానీ అది గోడలు దాటడంలో బలహీనం. పైగా అపార్టుమెంటులో అటూ ఇటూ పైనా కిందా ప్రతి ఇంట్లోనూ ఒక రౌటర్ ఉంటుంది, 2.4లో ఒకదానితో ఒకటి రాసుకోని చానళ్లు 1, 6, 11 అని మూడే, వాటి కోసం అంతస్తంతా పోటీ. రౌటర్‌ను టీవీ పక్కనుంచి తీసి, హాలుకూ వంటింటికీ మధ్య తలుపు వైపు, నడుము ఎత్తుకు పైన ఉంచి పరీక్షను మళ్లీ నడపండి. మా ఇంట్లో ఒక టెక్నీషియన్ అందంగా ఉంటుందని రౌటర్‌ను షోకేసులో, స్టీలు గ్లాసుల వెనుక దాచిపెట్టి వెళ్లాడు. ఆ అందాన్ని నేను మూడు నెలలు భరించాను.

అయితే, ఉద్యోగం నెట్ మీద నడిచే మనిషికి నా అసలు సలహా రౌటర్‌ను జరపడం కాదు. మీరు కూర్చునే చోటికి ల్యాన్ కేబుల్ వేయించుకోండి. మన ఇళ్లలో ఇరవై మీటర్ల తీగ చాలు. ఈ రకం తీగ వంద మీటర్ల దాకా పని చేస్తుంది. ల్యాప్‌టాప్‌కు ల్యాన్ రంధ్రం లేకపోతే యూఎస్‌బీకి తగిలించే చిన్న అడాప్టర్ దొరుకుతుంది. తీగను నేల మీద వదలనివ్వకండి, గోడ అంచు వెంట, తలుపు చట్రం పైనుంచి క్లిప్పులతో బిగించమనండి. ఒకసారి కాలికి తగిలిందంటే మీరూ పడతారు, ల్యాప్‌టాప్ కూడా పడుతుంది. తీగకున్న ఇంకో గుణం మనలాంటివారికి చాలా నచ్చుతుంది. ప్లగ్గుకు ఒక పక్క నాలుకలాంటి ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. బొటనవేలితో దాన్ని తడిమి ఏ పక్క పైకో తెలుసుకుని లోపలికి తోస్తే "టక్" మని కూర్చుంటుంది. టక్కు వినిపించలేదంటే కూర్చోలేదన్నమాట. కూర్చుందో లేదో చూసి చెప్పే మనిషి అక్కరలేదు. ఒక జాగ్రత్త: సముద్రానికి దగ్గర ఇళ్లలో ఉప్పుగాలికి చవక ప్లగ్గుల రాగి ముక్కలు త్వరగా పాడవుతాయి, బాగున్న తీగ ఏడాది తరువాత అప్పుడప్పుడూ తెగుతుంటే ప్లగ్గు తీసి రెండు మూడుసార్లు పెట్టి చూడండి, కుదరకపోతే చివరి ప్లగ్గు మాత్రం మార్పించండి.

తీగ వేయించేదాకా వైఫై మీదే పని చేయాలంటే ల్యాప్‌టాప్ వైఫై కార్డు కరెంటు పొదుపు కోసం నిద్రపోకుండా చూడండి. విండోస్, ఎక్స్, తరువాత ఎం నొక్కితే డివైస్ మేనేజర్ వస్తుంది. నెట్‌వర్క్ అడాప్టర్స్ దగ్గర కుడి బాణం, వైఫై పేరు మీద ఆల్ట్, ఎంటర్, కంట్రోల్, ట్యాబ్‌తో పవర్ మేనేజ్‌మెంట్ పుట దాకా వెళ్లి, ఆ పరికరాన్ని ఆపడానికి కంప్యూటర్‌కు అనుమతి ఇచ్చే చెక్‌బాక్సులో టిక్కు తీసేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ పుట ఉండదు; అప్పుడు వదిలేయండి.

ఇక లోపం బయటి ఫైబర్ తీగదే అని తేలితే. ఈ ఊళ్లో చాలా ఫైబర్ తీగలు ఇప్పటికీ స్తంభాల మీదుగా వీధుల్లో వేలాడుతున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన తరువాత కరెంటూ ఫోనూ లేక గడిపిన రోజులు విశాఖవారికి గుర్తుండే ఉంటాయి. తీగ తెగినప్పుడు కంపెనీ పెట్టె మీద ఎల్, ఓ, ఎస్ అని రాసిన లైటు ఎర్రగా మెరుస్తుంది, లైన్‌మ్యాన్ వెతికేది దాన్నే. మీకు ఆ లైటుతో పని లేదు: రౌటర్ జవాబిస్తూ, 8.8.8.8 ఇవ్వకపోతే మీ పరీక్ష ఆ ఎర్ర లైటు చెప్పేది చెప్పేసింది. పైగా తీగ క్షణం సేపు తెగి అతుక్కునే రకం లోపాన్ని ఆ లైటు పట్టించుకునే సరికి టెక్నీషియన్ వెళ్లిపోయి ఉంటాడు. మీ ఫైలులో మాత్రం గంట లెక్కంతా మిగిలి ఉంటుంది. ఇంటికి వచ్చిన మనిషికి ఆ ఫైలు చూపించండి, వాట్సాప్‌లో పంపండి, "మీ ల్యాప్‌టాప్‌లోనే" అన్న మాట అక్కడితో ఆగుతుంది. ఫిర్యాదు నోటి మాటగా వదలకండి; కస్టమర్ కేర్‌కు చెప్పి డాకెట్ నంబరు తీసుకోండి. పరిష్కారం తృప్తిగా లేకపోతే అదే సంస్థలోని అప్పీలు అధికారికి 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఫిర్యాదు యాప్‌లో బొమ్మ చూసి అక్షరాలు కొట్టమనే క్యాప్చా అడ్డు వస్తే ఆ సంగతి కూడా ఫిర్యాదులోనే రాయండి. డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇచ్చింది, దానికి ముందే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది.

మీ ఉద్యోగానికి సంబంధించి ఒక్కటి. పొద్దున్నే ఆ రోజు ఆడియో ఫైళ్లన్నీ దించుకుని పెట్టుకోండి, బ్రౌజర్ పెట్టెలో నేరుగా కాక నోట్‌ప్యాడ్‌లో టైపు చేసి తరువాత అతికించండి. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ గొంతు, అందులోని తెలుగుతో సహా, కంప్యూటర్‌లోనే ఉంటుంది, నెట్ లేకపోయినా మాట్లాడుతుంది. గడువు దగ్గరపడినప్పుడు నెట్ పోతే ఆండ్రాయిడ్ ఫోనును చార్జింగ్ తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోను సెట్టింగులలో హాట్‌స్పాట్ ఉన్న చోటే ఉండే యూఎస్‌బీ టెథరింగ్ వేయండి. మళ్లీ వైఫై వెతికే పని లేకుండా నెట్ వచ్చేస్తుంది.

ప్రశ్న: మాది కంచరపాలెం. కరెంటు ఒక్క క్షణం పోయి జనరేటరు అందుకున్నా నెట్ రావడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతోంది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కదా, ఎందుకిలా?
— ఒక పాఠకురాలు

సమాధానం: ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, రౌటర్‌కు లేదమ్మా. అది ఆరి వెలిగిన ప్రతిసారీ మొదటి నుంచీ లేవాలి. రౌటర్ కోసమే అమ్మే చిన్న యూపీఎస్ కొనండి. కొనే ముందు రౌటర్ అడాప్టర్ మీది వోల్టులు, ఆంపియర్లు ఫోను కెమెరాతో చదివించి రాసి పెట్టుకోండి. ఎక్కువగా 12 వోల్టులు ఉంటుంది, కానీ ఊహించి కొనవద్దు. ఫైబర్ పెట్టె, రౌటర్ వేర్వేరుగా ఉంటే రెండింటికీ కరెంటు ఇచ్చేది కావాలి. ఒక్కదానికే పెడితే రెండోది ఆరిపోయి మళ్లీ మొదటికొస్తుంది.

ప్రశ్న: మా రౌటర్ రెండు వైఫై పేర్లు చూపిస్తుంది, రెండూ దాదాపు ఒకటే; చివర ఒక అంకె తేడా. స్క్రీన్ రీడర్ వేగంగా చదివితే ఏది ఏదో తెలియడం లేదు.
— ఒక పాఠకుడు, గాజువాక

సమాధానం: ఆ రెండూ 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు అయి ఉంటాయి. టెక్నీషియన్ వచ్చినప్పుడు పేర్లు మార్పించండి. ఇంగ్లీషు అక్షరాల్లోనే అయినా ఒకదానికి "గోదావరి" అనీ మరోదానికి "శారద" అనీ పెట్టమనండి, మొదటి అక్షరం దగ్గరే తేడా వినిపిస్తుంది. పాస్‌వర్డులో పెద్ద ఐ, చిన్న ఎల్, సున్న, ఓ వద్దని చెప్పండి. ఆయన వెళ్లేలోగా దాన్ని మీ చేత్తో మీరే ఒకసారి టైపు చేసి, నెట్ కలిసిందని విన్నాకే తలుపు వేయండి.